కొసరు తల

మా నాయనకు ప్రొద్దుటూరులో పాత్రల కొట్టు ఉండేది. ఇత్తడి, స్టీలు, ఎండాకాలం వస్తే కాసిని మట్టి కూజాలు. ఆ కొట్టులో నేను నేర్చిన మొదటి చదువు కొసరు వేయడం. బిందె బేరం తెగి, డబ్బు గల్లాపెట్టెలో పడ్డాక కూడా కొన్నావిడ కదిలేది కాదు. "కొసరేమిస్తావప్పా?" అని అక్కడే నిలబడేది. అప్పుడు నాయన ఒంట్లో బాగాలేనివాడిలా ముఖం పెట్టి, బల్ల కింద చెయ్యి పోనిచ్చి, ఒక చిన్న గరిటె తీసి బిందెలో టంగుమని వేసేవాడు. ఆ గరిటెలు ఆయన మూటల లెక్కన తూకానికి తెచ్చినవి. ఆవిడ బిందెను మరిచిపోయి గరిటెను చూసుకుంటూ వెళ్లిపోయేది. ఏడాది తర్వాత కూడా "మీ నాయన గరిటిచ్చినాడు" అనేవాళ్లే గానీ బిందె అమ్మాడని ఎవరూ అనలేదు.

ఆ చదువు పట్టుకునే షార్జా వచ్చాను. ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాప్ పని బోర్డులు, ఇత్తడి నేమ్‌ప్లేట్లు, హోటళ్లకీ క్లబ్బులకీ చెక్కలో చేసే చిహ్నాలు. వెనక షెడ్డులో మెషిన్ చెక్కుతుంది, ముందు గదిలో నేను మాట్లాడతాను. చేత్తో తిన్నగా ఒక గీత గీయడం నాకు రాదు. నా సంతకం నాకే రెండుసార్లు ఒకేలా పడదని బ్యాంకువాళ్లు ఫారాలు వెనక్కి పంపారు. అయినా వచ్చినవాడు నాతోనే మాట్లాడాలి, మళ్లీ వస్తే నన్నే అడగాలి. నాకున్న ఆస్తి అంతా అదే.

కరోనా ఏడాదంతా మేం చేసింది ఎడంగా నిలబడండని నేలకు అంటించే స్టిక్కర్లు. ఆ తర్వాతి ఏడాది మూతపడిన ఆఫీసుల పేర్లు గోడల మీంచి ఊడదీశాం. ఆ పైఏడు, శుక్రవారం సెలవు ఆదివారానికి జరిగి అందరం ఏ రోజు ఏ వారమో తెలియక తికమకపడుతున్న రోజుల్లో, మా ముదీర్, అంటే మేనేజరు, ఒక కబురు చెప్పాడు. ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి. వర్క్‌షాప్ మంచిచెడ్డలన్నీ ఆయనవే.

"దుబాయ్‌ల చిన్న షోరూమ్ తీస్తున్నం మియా. అద్దాల తలుపు, ఏసీ, ఒక బల్ల, ఒక కుర్సీ. కుర్సీల ఎవర్ని కూసోబెట్టాలో చూస్తా. గిరాకీ ఎవర్ని అడుగుతడో వాడే కూసుంటడు."

ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. నాకు మాత్రం నా పేరే వినిపించింది. ఆ సాయంత్రమే మా ఆవిడకు ఫోన్ చేసి కుర్చీ నాకిచ్చేశారని చెప్పాను. ఇస్తారని కాదు, ఇచ్చేశారనే. ఆమె వీధంతా చెప్పింది. మర్నాడు మా అత్త ఫోన్ లాక్కుని, "తిరిగే కుర్చీనా అబ్బోడా?" అని అడిగింది. తిరుగుతుందన్నాను. ఆ మాటతో ఆ కుర్చీ నాకు సరదా కాకుండా పోయింది, పరువైంది.

షెడ్డులో అప్పటికి ఏడాదిగా ఒక నిర్మల్ వైపు మనిషి పనిచేస్తున్నాడు. తాతల నుంచి పొనికి చెక్కతో బొమ్మలు చేసిన ఇంటివాడు. ఆ బొమ్మలు ఇల్లు నడపక దుబాయ్ వచ్చి, సైట్లలో ఏడేళ్లు కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్‌గా చేశాడు. అల్ వర్సాన్‌లో పనివాళ్ల క్యాంపులో ఉండేవాడు. కరోనాలో ఆ కంపెనీ మూతపడితే, మెషిన్ చెక్కిన చెక్కలకు సాండ్‌పేపర్ పట్టడానికి మా ముదీర్ తెచ్చి పెట్టుకున్నాడు. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు, మేమంతా అతన్ని నిర్మలాయన అనేవాళ్లం. ఇంగ్లిష్ ముక్క రాదు, హిందీ సైటు హిందీ. మధ్యాహ్నం నా డబ్బాలో ఉగ్గాణి పెట్టేవాణ్ణి, తన డబ్బాలో సర్వపిండి నాకు పెట్టేవాడు. జర్మన్ వచ్చేదాకా అతనంటే నాకు ప్రాణం.

జర్మన్ ఒక శనివారం వచ్చాడు. అరవై దాటిన మనిషి, పొడవు, కాలరు గుండీ దాకా పెట్టుకునే రకం. దుబాయ్‌లో జర్మనీవాళ్లు కలుసుకునే ఒక చిన్న క్లబ్బు ఉందట. దాని హాలు గోడకి చెక్కతో ఒక గద్ద కావాలట, మీటరు పొడవు.

"గద్ద ఎందుకు సార్?" అని అడిగాను. గిరాకీ చేత నాలుగు మాటలు మాట్లాడిస్తే, వస్తువు మీద అతనికి ఎంత మోజుందో తెలిసిపోతుంది. ధర దాన్ని బట్టి చెప్పుకోవచ్చు.

అది తమ దేశపు గుర్తు అన్నాడు. గద్ద అంటే నాకు తెలిసింది మా ఇంటి కోడిపిల్లల్ని తన్నుకుపోయేది. ఇక్కడైతే డేగ. ప్రతి రెండో బోర్డు మీదా డేగ చెక్కి చెక్కి మా మెషిన్‌కి కంఠస్థం వచ్చేసింది. ఆ ధైర్యంతో ఇంటర్నెట్‌లో ఒక గద్ద బొమ్మ కొని, నమూనాగా అరచేయంత పలక మీద మెషిన్‌తో చెక్కించాను. వారం తర్వాత వచ్చి దాన్ని వేలితో తడిమి చూశాడు.

"నీట్‌గా ఉంది. గద్ద ఫోటోకాపీలా ఉంది" అన్నాడు.

నేను ఇంకో ధర చెప్పడానికి నోరు తెరిచేలోగా అతని చూపు నా భుజం మీదుగా వెళ్లిపోయింది. షెడ్డు గుమ్మం దగ్గర నిర్మలాయన టీ బ్రేకులో కూర్చుని, మిగిలిపోయిన బీచ్‌వుడ్ చెక్క ముక్కతో ఏదో చెక్కుతున్నాడు. జర్మన్ నన్ను దాటుకుని వెళ్లి చూశాడు. చిలక. అరచేతిలో పట్టేంత చిలక, మెడ తిప్పి మనకేసి అనుమానంగా చూస్తోంది.

"ఈయన చెయ్యాలి" అన్నాడు జర్మన్.

నేను నమూనా పలకను తీసి సొరుగులో పెట్టేశాను. 

జర్మన్‌కి తెలుగు రాదు, హిందీ రాదు. నిర్మలాయనకి ఇంగ్లిష్ రాదు. కాబట్టి మధ్యలో నేను. జర్మన్ నాతోనే మాట్లాడేవాడు, కానీ చూపంతా అతని మీదే. అతను జవాబు నాకే చెప్పేవాడు, నవ్వు మాత్రం జర్మన్‌కి. పదకొండేళ్లు ఆ ముందు గదిలో నన్నే చూసి మాట్లాడిన మనుషులకు అలవాటుపడ్డవాణ్ణి. ఇప్పుడు ఇద్దరి మధ్య నీళ్ల పైపులా నిలబడ్డాను. పైపుని ఎవరు చూస్తారు?

చూడకపోతే పోనీ, పైపు కొంచెం నీళ్లు ఆపుకోగలదు కదా. జర్మన్ రెక్కల గురించి ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఈకలు వేళ్లలా విడివిడిగా ఉండాలనీ, చివరలు కొద్దిగా లోపలికి వంగాలనీ, పాత రోజుల్లో డాలు మీద దూరం నుంచి కనపడటానికి అలా గీసేవారనీ చెప్పాడు.

"రెక్కలు బాగా చెయ్యమంటాండాడు" అన్నాను.

"గంతసేపు గదేనా అన్నా చెప్పింది?"

"వాళ్ల భాష అంతేలేప్పా, సాగుతాది."

జర్మన్ వేళ్లు వంచి చూపించినదాన్ని పట్టుకుని నిర్మలాయన చెప్పుకొచ్చాడు. ఈక చివర పలచనైతే ఎండకు పగుళ్లిస్తదనీ, లోపలికి వంచితే చెక్క నారతో పాటు పోతది కాబట్టి గట్టిగా ఉంటదనీ, తమ పాత మేస్త్రీలు కూడా ఊరికే వంచలేదనీ. నేను జర్మన్ వైపు తిరిగి, "సరే అంటున్నాడు" అన్నాను.

"సరే అనడానికి చాలాసేపు పట్టింది" అన్నాడు జర్మన్.

ఆ తర్వాత రెండు శనివారాలు వచ్చాడు. ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్‌తో గద్ద గీశాడు. ఒక పక్కకి తిరిగిన తల, తెరిచిన ముక్కు, బయటికి వచ్చిన నాలుక. ఇప్పటి ప్రభుత్వం వాడే గద్ద బొమ్మ ప్రభుత్వం సొత్తు, దాన్ని ఎవరుపడితే వాళ్లు గోడకు పెట్టుకోకూడదు, అందుకే తనకు వేరేది కావాలన్నాడు. ఆ పక్షి కథ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ముందు రోము సైన్యాలు గద్దను కర్ర మీద పెట్టి మోసేవట. చాలా శతాబ్దాల తర్వాత ఉత్తరాన ఒక రాజు, రోము చక్రవర్తుల వారసుణ్ణి నేనేనని కిరీటం పెట్టుకుని, తన కోట మీద ఒక కంచు గద్దను నిలబెట్టాడట. నిజంగా నిలబెట్టాడో లేదో చూసినవాళ్లు లేరు గానీ అందరూ అలాగే చెప్తారట. ఆ తర్వాత ప్రతి రాజుకీ బంగారు డాలు మీద నల్ల గద్ద. రాజుకి దగ్గరని చెప్పుకోవాలనుకున్న ప్రతి ఊరికీ ఏదో ఒక గద్ద ముక్క. ఒక ఊరైతే నిలువునా సగం గద్దను డాలు మీద పెట్టుకుందట.

సగం గద్ద అనగానే నా చెవులు నిక్కాయి. సగం గద్దకి సగం ధరేనా, చెక్కే మేస్త్రీ ఒప్పుకున్నాడా అని అడిగాను. జర్మన్ నవ్వాడు. నా వైపు చూసి నవ్వాడు. ఆ ఒక్క నవ్వుతో రెండు రోజులు బతికాను.

మూడో శనివారం ఒక తోలు చుట్ట తెచ్చాడు. విప్పితే ఐదు ఉలులు, పాతవి, పిడులు చేతిచెమటకు నల్లబడ్డవి. వాళ్ల నాన్నవట. నెల రోజులు సెలవు మీద ఊరికి వెళ్తున్నాననీ, వచ్చేసరికి గద్ద అయితే బాగుంటుందనీ, అందాకా ఈ ఉలులు ఈయన దగ్గరే ఉండాలనీ చెప్పాడు. నిర్మలాయన వాటిని కళ్లకద్దుకున్నాడు. జర్మన్ నాకు ఒక చాక్లెట్ ఇచ్చాడు. కారులో ఉండి సగం కరిగింది.

ముదీర్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. "క్యా బాత్ హై" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. నాకు అద్దాల తలుపు కనపడింది, అవతల తిరిగే కుర్చీ, దాంట్లో నేను లేను.

నిజం చెప్పాలంటే నేను అతని ఉలుల మీద కుళ్లుకోలేదు. ఉలి ఇస్తే నేనేం చేసుకుంటాను, గోళ్లు తీసుకుంటానా? ఆ గద్ద గోడ మీద వేళ్లాడినంతకాలం దానిలో అతని చెయ్యి ఉంటుంది, జర్మన్ గీత ఉంటుంది. నాది ఒక్క ఈక కూడా ఉండదు. బిందె ఎవరు చేశారో ఎవరికీ గుర్తులేకుండా గరిటె ఇచ్చినవాణ్ణి తలుచుకున్న ఊరు మాది. నాకు గరిటె కావాలి.

మా కొట్టు వీధి వెనక ఒక పాత గుడి మండపం ఉంది. దాని స్తంభం మీద గండభేరుండం ఉంటుంది. రెండు తలల పక్షి, కాళ్లకింద ఏనుగులు. చిన్నప్పుడు ఆ స్తంభానికి ఆనుకునే గోళీలాట ఆడేవాళ్లం. ఒక తల ఉన్నది కోళ్లదొంగ, రెండు తలలున్నది రాజుల పక్షి అని నాకు అప్పటి నుంచీ ఉన్న నమ్మకం. ఫోన్‌లో వెతికితే జర్మనీ పాత గద్దలు బోలెడు రెండు తలలతో కనపడ్డాయి. ఇంకేం కావాలి. అడిగింది ఒక తల, ఇచ్చింది రెండు. గిరాకీ కంటికి అంత పెద్ద కొసరు మా నాయన కూడా వేసి ఉండడు. పైగా చెక్క అదే, రోజులు అవే, నా చేతికి నొప్పి లేదు.

షెడ్డులోకి వెళ్లి చెప్పాను.

"చూడప్పా, సాబ్ గీసింది పక్కనుంచి చూసిన బొమ్మ. రెండో తల అవతలుంది. రెండూ చెక్కాల."

నిర్మలాయన ప్లైవుడ్ ముక్కను పైకెత్తి చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"అవతల ఉందా అన్నా?"

"ఉంది."

"సరే. నువ్వు చెప్తున్నవంటే ఉంటది."

మూడు వారాలు చెక్కాడు. ఎర్రటి టేకు పలక. రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని షెడ్డులోకి వెళ్లేవాణ్ణి. మొదట అది ఒక మొద్దు, తర్వాత మొద్దులో భుజాలు, తర్వాత ఒకే మెడ దగ్గర నుంచి రెండుగా చీలి, చెరో పక్కకి వంగిన తలలు. ముక్కులు తెరిచి ఉన్నాయి. ఒకటి కోపంగా ఉంది. రెండోది ఇప్పుడే కోపం తగ్గినట్టుంది. అలా ఎలా చేశాడో నాకు తెలియదు. అతను పనిలో ఉన్నప్పుడు నాలుక చివర పళ్ల మధ్య పెట్టుకునేవాడు. ఒకరోజు నా గదిలో కొటేషన్ రాస్తూ నేనూ అలాగే పెట్టుకుని ఉండటం గమనించి లోపలికి లాక్కున్నాను.

జర్మన్ వచ్చిన రోజు ముదీర్ కూడా ఉన్నాడు. పలక మీద పాత దుప్పటి కప్పి ఉంచాం. నేనే తీస్తానన్నాను. గరిటె బిందెలో వేసేది నేనే కదా.

దుప్పటి తీశాను.  జర్మన్ దగ్గరికి వచ్చి రెండు తలల మధ్య ఉన్న సందులో చెయ్యి పెట్టాడు. చాలాసేపు అక్కడే ఉంచాడు. అప్పుడు అడిగాడు, గొంతు పెంచకుండా.

"నేను ఒకటే గీశాను. రెండు ఎవరు చెప్పారు?"

 ముదీర్ నన్ను చూశాడు. నిర్మలాయన ఏం జరుగుతోందో అర్థం కాక, బాగుందంటారేమోనని నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డాడు. అతనికి ఇంగ్లిష్ రాదు. జర్మన్‌కి తెలుగు రాదు. ముదీర్‌కి ఆ రోజు ప్లైవుడ్ ముక్క దగ్గర నేనేం చెప్పానో తెలియదు. నేను ఏ మాటంటే అదే ఖాయం.

"ఆయన సొంత ఆలోచన సార్. వద్దని చెప్పాను, వినలేదు" అన్నాను.

ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. ఆ రోజు నోరు ఆగలేదు.

జర్మన్ పక్కనున్న పెయింటు డబ్బా మీద కూర్చున్నాడు. "సొంత ఆలోచన" అని తనలో తనే అన్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో గద్దకి ఒకటే తల. ఆ తర్వాత చక్రవర్తికి రెండు తలలు, ఇంకా చక్రవర్తి కాని రాజుకి ఒకటి అని తేడా పెట్టుకున్నారు. తలల వెనక దేవుళ్లకి ఉన్నట్టు వెలుగు చక్రాలు కూడా పెట్టారు. తను పుట్టిన ఊళ్లో పాత టౌన్‌హాలు గుమ్మం మీద అలాంటి రాతి గద్ద ఉండేది. తను బడికి వెళ్లేది దాని కింద నుంచే. ఒక తల నువ్వు బడికి వెళ్తున్నావో లేదో చూస్తుంది, రెండో తల తిన్నగా ఇంటికి వస్తున్నావో లేదో చూస్తుంది అని వాళ్లమ్మ చెప్పేదట. ఈ నెలలో ఊరు వెళ్లి చూస్తే ఆ గుమ్మానికి మరమ్మతులు, చుట్టూ పరదా. చూడకుండానే వచ్చాడట.

"ఇక్కడ, షార్జాలో, మళ్లీ కనపడింది. ఆయనకెలా తెలిసిందో అడగండి."

 నిందనుకుని నేను అతని మీదికి తోసేసింది అతని మెడలో దండలా పడింది. వెనక్కి తీసుకుందామంటే ఇప్పుడు నేనే అబద్ధాలకోరునవుతాను. నిర్మలాయన వైపు తిరిగాను.

"రెండు తలలు ఎట్ల వచ్చినాయని అడుగుతాండాడు. ఏదో ఒకటి చెప్పు."

అతను కాసేపు నా ముఖం చూశాడు. తర్వాత చెప్పాడు.

"మా తాత రెండు తలల పిట్ట జేస్తుండె అన్నా. ఇంట్ల ఇద్దరు పోరగాండ్లుంటే ఒక్క బొమ్మ కోసం కొట్టుకుంటరు గద. చెరొక తల పట్టుకొని ఆడుకుంటరని. రంగు గుడ రెండు దిక్కుల రెండు తీర్ల ఏస్తుండె."

ఆ రోజు మాత్రం ఒక్క మాట మింగకుండా అనువదించాను.  జర్మన్ వింటూ వింటూ లేచి, వెళ్లి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

కానీ క్లబ్బు హాలుకి ఇది పనికిరాదన్నాడు. ఎందుకో నన్ను పూర్తిగా చెప్పమన్నాడు, ఈసారి సరే అని ఊరుకోవద్దన్నాడు. చక్రవర్తుల కాలం పోయాక రెండు తలలు పక్కనున్న ఆస్ట్రియా రాజులతో వెళ్లిపోయాయట. మధ్యలో ప్రజలు ఒక సభ పెట్టుకుని, వెలుగు చక్రాలు తీసేసి రెండు తలలనే మళ్లీ వాడుకున్నారు. ఆ సభ నిలవలేదు. తర్వాత కొత్త సామ్రాజ్యం వచ్చింది, ఒక తల గద్ద, పైన కిరీటం, గుండెల మీద డాలు, ఆ డాలులో ఇంకో గద్ద. యుద్ధంలో ఓడి రాజు పోయాక, కిరీటం తీశారు, డాలు తీశారు, ఉత్త పక్షి మిగిలింది. ఆ తర్వాత చెడ్డ రోజులు వచ్చాయి. గద్ద కాళ్లకి ఒక ఆకుల వలయం తగిలించి, దాని మధ్య అప్పటి పాలకులు తమ స్వస్తిక గుర్తు పెట్టారు.

"యుద్ధం అయ్యాక కొన్ని గోడల మీద ఆ గుర్తును ఉలితో కొట్టేశారు, గద్దను ఉంచారు. మా ఊరి పోస్టాఫీసు మీద గద్ద ఇప్పటికీ ఖాళీ చక్రం పట్టుకుని ఉంటుంది" అన్నాడు. అందుకే కాళ్ల కింద వలయం ఉండకూడదు, తలలు రెండు ఉండకూడదు. రెండుంటే ఏ చక్రవర్తి కోసం ఎదురుచూస్తున్నావని తన క్లబ్బువాళ్లే అడుగుతారు. ఇప్పటి దేశానిది మళ్లీ ఆ ఉత్త పక్షే. పార్లమెంటులో పెద్దది ఒకటుంది, బాగా బొద్దుగా ఉంటుంది, జనం దాన్ని లావు కోడి అంటారట.

"కోడా?" అని నిర్మలాయన మొదటిసారి పెద్దగా నవ్వాడు. "అయితే మనకు అల్కగైతది అన్నా. కోళ్లు మస్తు జూసినం."

జర్మన్ క్లబ్బుకి ఒక తల గద్ద మళ్లీ చెయ్యమన్నాడు. రెండు తలలది తన ఇంటికే తీసుకెళ్తానన్నాడు. ధర గురించి నేను మాట్లాడలేదు. ముదీరే మాట్లాడాడు. నేను చెప్పేదానికన్నా ఎక్కువే చెప్పాడు, జర్మన్ ఒప్పుకున్నాడు. నా పదకొండేళ్ల బేరం మీద అది ఇంకో దెబ్బ.

వెళ్తూ ముదీర్‌తో అన్న మాట నాకు వినపడేంత దగ్గరగానే అన్నాడు. "మీ షోరూమ్‌లో ఈయన ఉంటే నా స్నేహితులందర్నీ పంపుతాను."

మర్నాడు ముదీర్ ఇద్దర్నీ పిలిచాడు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాను, ఎందుకో తెలియదు.

"షోరూమ్‌కు నువ్వు పోతున్నవ్" అన్నాడు నిర్మలాయనతో.

"కుర్సీ నేనేం జేసుకోను సాబ్. గిర్ర గిర్ర తిరుగుతది. బల్ల ఇయ్యుండ్రి, ఆడ కూసొని చెక్కుత."

"బల్లనే. అద్దం పక్కన. జనం నిలబడి చూడాలె." ముదీర్ నా వైపు తిరిగాడు. "వీనికి నోరు లేదు. నువ్వు పో మియా, వెంట."

వెంట. ఆ మాట నా చెవిలో చాలా రోజులు ఉంది. బిందెతో పాటు గరిటె వెళ్లినట్టు వెళ్లాను.

సామాను వ్యానులో వేసుకుని దుబాయ్ వెళ్తున్నప్పుడు ట్రాఫిక్‌లో ఆగాం. ఉలుల చుట్ట అతని ఒడిలో ఉంది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"ఆ రెండో తల సాబ్ చెప్పలేదప్పా. నేనే పెట్టించినా. అడిగితే నువ్వే చేసినావని చెప్పినా."

"ఎరుకే."

"ఏమెరుక?"

"బొమ్మ నేను జూడలేదా అన్నా? ఎనకకు తిప్పి గుడ జూసిన. ఆడ తల లేదు." కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాడు. "ఆయన ఏమడిగిండో గుడ మొకాలు జూస్తే తెల్వదా? నువ్వు చెమటలు గక్కినవ్."

"మరి ఎందుకు చెక్కినావు?"

"నాకే చెక్కాలె అనిపించింది. తాత పోయినంక రెండు తలలు చెయ్యనే లేదు. ఎవలన్న చెప్తే బాగుండు అనుకుంటుంటి, నువ్వొచ్చి చెప్పినవ్."

క్షమించాడని అనుకోవాలో, నన్ను వాడుకున్నాడని అనుకోవాలో తేల్చుకోలేకపోయాను. అంత తప్పు చేసి కూడా అతనికి కావలసిందే నా చేత్తో ఇచ్చానని తెలిశాక, కుళ్లు తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. వ్యాను కదిలింది. సర్వపిండి ముక్క విరిచి ఇచ్చాడు. తిన్నాను, ఏం చేస్తాను.

ఇప్పుడు షోరూమ్‌లో కుర్చీలో నేనే కూర్చుంటాను. తిరుగుతుంది. మా అత్తకు వీడియో కాల్‌లో రెండు చుట్లు తిప్పి చూపించాను కూడా. అద్దం పక్క బల్ల దగ్గర అతను చెక్కుతుంటాడు. తలుపు తెరుచుకుని వచ్చేవాళ్లు ముందు అక్కడే ఆగుతారు. కాసేపు చూసి, అప్పుడు నా వైపు తిరుగుతారు. ఆ కాసేపు ఎంతో గోడ గడియారంలో చూసుకోవడం నాకు అలవాటైంది.

మొన్న ఒక లెబనాన్ ఆవిడ తమ ఊరి దేవదారు చెట్టు చెక్కించుకోవడానికి వచ్చింది. ధర కుదిరాక, మా ప్రొద్దుటూరు ఆడవాళ్లలాగే కదలకుండా నిలబడింది. ఇంకా ఏమిస్తావని అడిగింది. అలవాటుగా నా చెయ్యి బల్ల కిందికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు.

"చెక్కేది ఆయన మేడమ్. నేను కొసరు" అన్నాను.

ఆవిడ నవ్వింది. నిర్మలాయన తల ఎత్తి అడిగాడు.

"ఏమంటున్నదన్నా?"

"చెట్టు బాగా చెయ్యమంటాంది" అన్నాను.